భుజం నొప్పి లేని మనిషి

ఆటో గేటు ముందు ఆగేసరికి డిటెక్టివ్‌కి పట్టపగలే చుక్కలు కనిపించాయి. దారిలో తగిలిన ప్రతి స్పీడ్ బ్రేకరూ ఆమె పొట్టలోంచే వెళ్ళినట్టుంది. ఒళ్ళో పెట్టుకున్న చిన్న దిండుని కుడిచేత్తో పొట్టకి అదుముకుని, ఎడమచేత్తో ఆటో కమ్మీ పట్టుకుని, ముందు ఒక కాలు, కాసేపాగి రెండో కాలు కింద పెట్టింది.

"మెల్లగా దిగండమ్మా," అన్నాడు ఆటో అతను, దిండు వంకా పొట్ట వంకా చూసి. "ఎన్నో నెల?"

"యాభై రెండో ఏడు," అందామె. "గాల్ బ్లాడర్ తీసేశారు నాయనా. అంతకుమించి విశేషం ఏమీ లేదు."

అతను నాలిక్కరుచుకున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది గానీ పెదవి బిగించి ఆపుకుంది. నవ్వితే కుట్లు లాగుతాయి.

ఆపరేషన్ శనివారం అయింది, ఇవాళ శుక్రవారం. పొట్ట మీద నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, వాటిలోంచే కెమెరా పంపి, లోపలి సంచీని కోసి బయటికి లాగేశారు. "కీహోల్ ఆపరేషనమ్మా, సాయంత్రానికి లేచి నడుస్తారు" అన్నాడు డాక్టరు. ఆ మాట నిజమే, నడిచింది. ఆయన చెప్పడం మరిచిపోయింది ఒకటుంది. నడిచి వచ్చి పడుకున్న కాసేపటికి కుడి భుజంలో మేకు దిగ్గొట్టినట్టు నొప్పి మొదలైంది. కోసింది పొట్టలో అయితే భుజం ఎందుకు పోటు పెడుతోందో అర్థం కాక, గుండెపోటే అనుకుని ఆమె వార్డంతా ఒక్కటి చేసింది. నర్సు వచ్చి నవ్వింది. "లోపల కనిపించడానికి పొట్టని గ్యాస్‌తో బూరలా ఊదుతారమ్మా. మిగిలిన గ్యాస్ పైకెక్కి కూచుంటుంది. అది అక్కడ నొక్కితే నొప్పి ఇక్కడ తెలుస్తుంది. నడుస్తూ ఉండండి, పోతుంది."

చాలావరకు పోయింది కూడా. కానీ ఇవాళ పొద్దున్న లేచేసరికి ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉన్నట్టు అనిపించింది. నిజంగా వెచ్చనా, తన భయమా? థర్మామీటరు పెట్టుకోలేదు. పెట్టుకుంటే భర్త చూస్తాడు, చూస్తే గుమ్మం దాటనివ్వడు. దాటకపోతే సాయంత్రం ఒక అమాయకుణ్ణి కోర్టులో నిలబెట్టేస్తారు.

ఆమె హాస్పిటల్లో ఉండగానే, సోమవారం రాత్రి, ఊరి చివర కోల్డ్ స్టోరేజిలో హత్య జరిగింది. ఆ స్టోరేజికి ఇద్దరు భాగస్వాములు. పనివాళ్ళ నోట్లో వాళ్ళు పెద్దాయన, చిన్నాయన. మర్నాడు ఉదయం చలిగది తలుపు తీస్తే లోపల పెద్దాయన కొయ్యబారి పడి ఉన్నాడు. గడియ బయటినుంచి వేసి ఉంది. పోలీసులు రాత్రి డ్యూటీ వాచ్‌మన్‌ని విచారణకని పట్టుకెళ్ళారు. "తొమ్మిదింటప్పుడు చిన్నాయన గొంతు విన్నాను బాబూ, ఇద్దరూ లోపల గొడవ పడుతున్నారు" అని అతను ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు. ఎలా పెడతారు? సోమవారం పొద్దున్నే చిన్నాయనకి ఒక ప్రైవేటు హాస్పిటల్లో ఆపరేషన్ అయింది. సరిగ్గా డిటెక్టివ్‌కి జరిగిన ఆపరేషనే. బుధవారం డిశ్చార్జి అయ్యేదాకా ఆయన ఆ మంచం వదల్లేదు.

వాచ్‌మన్ భార్య వచ్చి డిటెక్టివ్ కాళ్ళ దగ్గర కూచుని ఏడ్చింది. అందుకే ఈ ఆటో, ఈ దిండు.

*

చిన్నాయన పడగ్గదిలో ఆమెకంటే ముందే ఇన్‌స్పెక్టర్ కూచుని ఉన్నాడు. గుమ్మం దగ్గర ఒక కానిస్టేబుల్ నిలబడ్డాడు.

"రండి వదినా, మీకోసమే చూస్తున్నాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో మర్యాద ఉంది, మొహంలో లేదు.

ఆయన డిటెక్టివ్ భర్తకి స్వయానా తమ్ముడు. మరిది పట్టుకున్న ముద్దాయిని వదిన విడిపించుకుపోవడం ఇది మొదటిసారి కాదు. అందుకే భోజనాల దగ్గర కేసుల ఊసెత్తకూడదని అత్తగారు ఎప్పుడో శాసనం చేసింది.

"నేను వస్తున్నట్టు నీకెవరు చెప్పారు?"

"వీరే ఫోన్ చేశారు. ఆపరేషనై పడుకున్న మనిషిని వేధించడానికి ఎవరో ప్రైవేటు డిటెక్టివ్ వస్తోందట, రక్షణ కావాలన్నారు."

వీరికెవరు చెప్పారు? ఆ ప్రశ్న ఆమె మనసులో చటుక్కున మెదిలింది. కానీ అప్పటికే పెద్దావిడ ఒకామె కుర్చీ జరిపి, "కూచోమ్మా, కూచో. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. నీకూ మావాడి జబ్బేనటగా," అంటూ చెయ్యి పట్టుకుంది. చిన్నాయన తల్లి. డెబ్భై దాటి ఉంటుంది. మోకాళ్ళు సహకరించక గోడ పట్టుకుని నడుస్తోంది. "నాలుగు చెంచాల సూపు తప్ప ఏదీ లోపలికి పోవడం లేదు వీడికి. బాత్రూంకి నేనే లేపి తీసుకెళ్తున్నాను. పాపం, పెద్దాయన భార్య తన కష్టంలో తనుండి కూడా రోజుకి రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కుంటోంది."

మంచం మీద చిన్నాయన కళ్ళు సగం మూసి పడుకుని ఉన్నాడు. నలభై అయిదేళ్ళు ఉంటాయి. గడ్డం మాసింది. పక్కన బల్ల మీద మందుబిళ్ళలు, నీళ్ళ సీసా, సెల్‌ఫోను. కాళ్ళ దగ్గర ముడత పడని రెండు దిళ్ళు.

డిటెక్టివ్ గది నాలుగు మూలలా కళ్ళు తిప్పింది. మంచం గోడకి ఆనించి ఉంది, లేవాలంటే ఒకటే వైపు. పట్టుకోవడానికి కర్ర గానీ, స్టూలు గానీ అందుబాటులో లేవు. తన ఇంట్లో భర్త మంచం కోడుకి పాత తువ్వాలు కట్టి పెట్టాడు, అది పట్టుకుని లేవడానికి.

"ఎక్కువగా ఎక్కడ నొప్పి?" అని అడిగింది.

"ఇంకెక్కడ? కుట్ల దగ్గరే," అన్నాడు చిన్నాయన నీరసంగా.

"భుజం?"

"భుజమా? పొట్ట కోస్తే భుజం ఎందుకు నొప్పి పుడుతుందండీ?"

ఇన్‌స్పెక్టర్ కిసుక్కున నవ్వాడు. డిటెక్టివ్ మాత్రం ఆ జవాబు పక్కన పెట్టుకుంది. తొందరపడలేదు. భుజం నొప్పి కొందరికి రాదట, నర్సే చెప్పింది.

అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. చిన్నాయన వెల్లకిలా ఉన్నవాడు ఉన్నట్టే, నడుము దగ్గర మడత కత్తిలా వంగి లేచి కూచుని, చేయి చాచి కాల్ కట్ చేశాడు. మళ్ళీ మూలుగుతూ వెనక్కి వాలాడు.

ఈ ఆరు రోజుల్లో అలా లేవడం డిటెక్టివ్‌కి ఒక్కసారి కూడా చేతకాలేదు. ముందు పక్కకి దొర్లాలి, కాళ్ళు కిందికి జార్చాలి, మోచేతి మీద బరువు వేసి, దేవుణ్ణి తలుచుకుని లేవాలి.

"ఎవరు ఫోను?"

"ఏదో కంపెనీ వాళ్ళు. లోన్ కావాలా అంటూ చంపుతున్నారు."

"కుట్లు ఒకసారి చూడొచ్చా?"

"వదినా!"

"నువ్వుండు. ఈయనకి అభ్యంతరం లేకపోతే నీకేంటి?"

చిన్నాయన తనే చొక్కా పైకెత్తాడు. బొడ్డు దగ్గర ఒకటి, రొమ్ము ఎముక కింద ఒకటి, కుడి పక్కన రెండు. నాలుగు తెల్లటి ప్లాస్టర్లు, సరిగ్గా ఉండాల్సిన చోటే. వాటి చుట్టూ నల్లగా, ఒత్తుగా వెంట్రుకలు. డిటెక్టివ్ బొడ్డు చుట్టూ కమిలిన మచ్చ ఇప్పుడు పచ్చబడుతోంది. ఇక్కడ చర్మం శుభ్రంగా ఉంది.

"ఆపరేషన్‌కి ముందు వెంట్రుకలు తియ్యలేదా?"

"తియ్యలేదు. మా డాక్టరు పద్ధతి వేరు."

"ఒక ప్లాస్టరు తీసి చూపిస్తారా?"

"డాక్టరు తియ్యొద్దన్నాడు. చీము పడితే మీరు బాధ్యులా?" చిన్నాయన చొక్కా దించేశాడు. "ఇన్‌స్పెక్టర్‌గారూ, ఇదేం అన్యాయమండీ?"

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. "చాలు వదినా. హాస్పిటల్‌కి నేనే వెళ్ళాను. డాక్టరు వీరి పేరు చెప్పి, తీసిన రాళ్ళు డబ్బాలో వేసి చూపించాడు. సోమవారం రాత్రంతా ఆ మంచం మీద పేషెంటు ఉన్నాడని నర్సులు చెప్పారు."

"పేషెంటు ఉన్నాడు. ఈయనే ఉన్నాడా? ఫోటో చూపించావా?"

"పేరు, వయసు, ఊరు అన్నీ సరిపోయాయి. ఫోటో ఎందుకు?"

"అంటే చూపించలేదు."

"మీకు భుజం నొప్పొచ్చింది కాబట్టి ఈయనకీ రావాలి, మీకు వెంట్రుకలు తీశారు కాబట్టి ఈయనకీ తియ్యాలి. ఇదేనా మీ సాక్ష్యం? కోర్టులో జడ్జిగారు నన్ను చూసి నవ్వుతారు. నాలుగింటికి వాచ్‌మన్‌ని హాజరుపరుస్తున్నాను. మీరు ఇంటికెళ్ళి పడుకోండి. అన్నయ్యకి ఫోన్ చెయ్యమంటారా?"

అన్నీ తేలిగ్గా కొట్టిపారేయదగ్గవేనని ఆమెకీ తెలుసు. మనుషుల ఒళ్ళు ఒకలా ఉండదు. చిన్న నొప్పికే ఏడ్చి గోల పెట్టేవాళ్ళుంటారు, పంటి బిగువున భరించేవాళ్ళుంటారు. భరించగలిగేది కాక, భరించలేనిది ఏదైనా ఉండాలి. ఎంత మొండివాడైనా దాచుకోలేనిది.

అదేమిటో ఆమెకి తెలుసు. ఆదివారం ఒకసారి వచ్చింది. ఆ తర్వాత అదంటే ఎంత భయం పట్టుకుందంటే, గొంతులో గరగర అనిపిస్తే చాలు వేడినీళ్ళ కోసం పరిగెత్తుతోంది.

"సరే, వెళ్తాను," అంది. "పిన్నిగారూ, మాత్ర వేసుకోవాలి. కాస్త వేడినీళ్ళు దొరుకుతాయా?"

"నేను తెస్తానమ్మా."

"మీ మోకాళ్ళతో వద్దు. వంటిల్లు ఎటో చెప్పండి చాలు."

చేతిలో దిండుని చిన్నాయన మంచం మీద, అతని చేతికి అందేంత దూరంలో పెట్టి, ఆమె మెల్లగా వంటింటి వైపు నడిచింది.

*

స్టవ్ మీద పెనం పెట్టి మంట పెద్దది చేసింది. డబ్బాలు వెతికి గుప్పెడు ఎండు మిరపకాయలు తీసింది. పెనం పొగలు కక్కుతుంటే ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మొదటి రెండు వారాలు దగ్గు, తుమ్ము రాకుండా చూసుకోండి" అన్నాడు డాక్టరు. కుట్లు తెగితే? పొద్దున్నటి ఆ వెచ్చదనం భయం కాక నిజంగానే జ్వరమైతే? లోపల ఏదో మానకుండా ఉండి, ఇప్పుడు ఈ పిచ్చిపనితో... తన అనుమానం తప్పయితే, అవతల మంచం మీద ఉన్నది నిజంగా కోత పడిన మనిషైతే, అతనికి ఎంత నరకం!

వాచ్‌మన్ భార్య మొహం గుర్తొచ్చింది. మిరపకాయలు పెనం మీద వదిలేసి, వంటింటి కిటికీ మూసి, తలుపు బార్లా తీసి వచ్చేసింది.

గదిలోకొచ్చి కూచుందో లేదో, ఘాటు ఆమె వెనకే వచ్చింది. ముందు కానిస్టేబుల్ దగ్గాడు. తర్వాత పెద్దావిడ. "ఏమిటీ మాడు వాసన..." అంటూనే ఇన్‌స్పెక్టర్‌కి పొలమారింది. డిటెక్టివ్ ఊపిరి బిగబట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. గొంతులో మంట ఎగదన్నింది, ఇక ఆపడం తన చేతిలో లేదు.

మొదటి దగ్గుకే ఎవరో పొట్టలో చెయ్యి పెట్టి మెలిపెట్టినట్టయింది. ఆమె చేతులు వాటంతటవే ముందుకు దూకి మంచం మీది తన దిండుని లాక్కున్నాయి. దాన్ని పొట్టకి అదుముకుని, రెండుగా మడుచుకుపోయి, కుర్చీలోంచి జారి నేల మీద మోకాళ్ళ మీద పడింది. దగ్గు వచ్చిన ప్రతిసారీ "అమ్మా" అన్న కేక దాంతో కలిసి వచ్చింది.

"వదినా!" ఇన్‌స్పెక్టర్ ఆమె పక్కన కూలబడి భుజాలు పట్టుకున్నాడు. మంగళవారం ఆమెని హాస్పిటల్ నుంచి కారులో ఇంటికి తెచ్చింది ఆయనే. దారిలో ఆమె ఒక్కసారి తుమ్మితే, కారు పక్కకి ఆపి పావుగంట కూచోవాల్సొచ్చింది.

"న..న్ను కాదు," అంది ఆమె దగ్గుల మధ్య. "అతన్ని... చూడు."

ఇన్‌స్పెక్టర్ తలెత్తాడు.

చిన్నాయన మంచం మీద లేడు. ఖళ్ళు ఖళ్ళున పొట్ట ఎగిరేలా దగ్గుతూ కిటికీ దగ్గర నిలబడ్డాడు. బిగుసుకుపోయిన పై గడియని మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులూ తలపైకెత్తి, బలమంతా పెట్టి లాగుతున్నాడు. గడియ ఊడింది. కిటికీ తెరుచుకుంది. తల బయట పెట్టి గుండెల నిండా గాలి పీల్చుకుని, ఇటు తిరిగాడు.

అందరూ అతన్నే చూస్తున్నారు.

ముందుగా నోరు విప్పింది తల్లే. "ఒరే నాన్నా," అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "నీకు నొప్పి లేదా?"

చిన్నాయన చెయ్యి చటుక్కున పొట్ట మీదికి వెళ్ళింది. చాలా ఆలస్యంగా వెళ్ళింది.

ఇన్‌స్పెక్టర్ నాలుగు అంగల్లో కిటికీ దగ్గరికి వెళ్ళి, అతని చొక్కా ఎత్తి, బొడ్డు దగ్గర ప్లాస్టరు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. దాంతో నాలుగు వెంట్రుకలు ఊడొచ్చాయి. కింద గాటు లేదు, కుట్టు లేదు, చిన్న గీత కూడా లేదు. రెండోది లాగాడు. మూడోది. అంతా నున్నటి చర్మమే.

"నేను లాయర్‌తో మాట్లాడాలి," అన్నాడు చిన్నాయన.

"తప్పకుండా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వదిన వైపు చూడకుండా అన్నాడు, "కానీ ఆ రాళ్ళు నిజమైనవే. ఆపరేషన్ నిజంగానే జరిగింది. మరి ఎవరికి జరిగింది?"

బల్ల మీద ఫోన్ మళ్ళీ మోగింది.

చిన్నాయన దాని మీదికి దూకాడు. స్టవ్ ఆర్పి వచ్చిన కానిస్టేబుల్ అడ్డుపడి రెక్కలు విరిచి పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి స్పీకర్ నొక్కి, ఏమీ మాట్లాడకుండా డిటెక్టివ్ ముందు పెట్టాడు.

"అయ్యగారూ," ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు ఒక మగ గొంతు. "కోప్పడకండయ్యా, మళ్ళీ చేశానని. నొప్పి ఆగడం లేదయ్యా. మీరిచ్చిన బిళ్ళలు నిన్ననే అయిపోయాయి. తలుపు బయట తాళమేసుంది, ఎంత కొట్టినా ఎవరూ రావడం లేదు."

పెద్దావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మన డ్రైవరు గొంతు! వాడు వాళ్ళత్తగారి ఊరు వెళ్ళాడన్నావు కదరా?"

డిటెక్టివ్ నేల మీదే కూచుని ఫోన్ దగ్గరికి వంగింది. "నాయనా, అయ్యగారు ఇక్కడే ఉన్నారు. నేను... నాకూ నీలాగే గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. నీ ఆపరేషన్ ఆయన పేరు మీద చేయించారు కదూ?"

"ఎవరికీ చెప్పొద్దన్నారమ్మా, తనకి తప్ప ఎవరికీ ఫోన్ కూడా చెయ్యొద్దన్నారు. ఏడాదిగా నొప్పితో చస్తున్నాను. తన పేరుతో చేరితే బీమాలో అయిపోతుందన్నారు. అన్నం పెట్టినాయన, మంచికే చెప్తున్నాడనుకున్నాను. నన్నేం చెయ్యకండమ్మా."

"నిన్నెవరూ ఏమీ అనరు. నొప్పి ఎలా ఉందో చెప్పు. భుజంలోనా?"

"మొదట్లో భుజంలోనేనమ్మా. అది పోయింది. నిన్నట్నించి పొట్టంతా. ఉబ్బిపోయి చెక్కలా అయింది. ముట్టుకుంటే ప్రాణం పోతోంది. చలి వణుకు, వాంతులు. ఒంటేలుకి వెళ్తే డికాక్షన్ రంగులో పోతోంది."

డిటెక్టివ్ ఫోన్‌ని ఇంకా దగ్గరికి లాక్కుంది. డిశ్చార్జి చేసేటప్పుడు నర్సు వేళ్ళు మడిచి చెప్పిన మాటలు అవే. నొప్పి రోజురోజుకీ తగ్గాలి. పెరిగితే, పొట్ట గట్టిపడితే, జ్వరమొస్తే, అర్ధరాత్రయినా పరిగెత్తుకు రండి. లోపల పైత్యరసం కారుతోందేమో, ఆగితే ప్రాణానికే ముప్పు.

"ఎక్కడున్నావు నాయనా?"

"తెలీదమ్మా. మత్తు బిళ్ళ వేసి తీసుకొచ్చారు. కళ్ళు తెరిస్తే ఇక్కడున్నాను."

ఇన్‌స్పెక్టర్ చిన్నాయన కాలరు పట్టుకున్నాడు. "ఎక్కడ పెట్టావు?"

చిన్నాయన గోడ గడియారం వైపు చూశాడు. మూలుగులూ, మొహంలో నీరసమూ ఎప్పుడో పోయాయి. ఇప్పుడక్కడ ఉన్నది ఓపిక. అతనికి కావలసిందల్లా కాలం గడవడమే. డ్రైవరు పోతే, తన బదులు మంచం మీద పడుకున్నది ఎవరో చెప్పడానికి మనిషి మిగలడు. అది డిటెక్టివ్‌కి అర్థమైంది.

"కిటికీ ఉందా?" అంది ఫోన్‌లో. "ఏం కనిపిస్తోంది?"

"పైన చిన్నదుందమ్మా. నీళ్ళ ట్యాంకు... దాని మీద ఇనప కోడి. గాలికి తిరుగుతోంది."

గోడ పట్టుకుని నిలబడ్డ పెద్దావిడ నిట్టూర్చింది. "అది మావారి కోళ్ళ ఫారం," అంది.

"అమ్మా! నోర్ముయ్!"

"ఆ కోడిని మావారే చేయించి పెట్టారు. ఇప్పుడంతా మూతపడింది. ఊరవతల, రాళ్ళ క్వారీ దాటాక ఎడం పక్క మట్టిరోడ్డు," ఆవిడ ఇన్‌స్పెక్టర్‌కే చెప్పింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "మూడు రోజులుగా నిన్ను భుజాన వేసుకుని బాత్రూంకి మోశాను రా. నువ్వు మూలిగినప్పుడల్లా నా పేగులు కదిలాయి. అక్కడ వాడు నిజంగా మూలుగుతుంటే, వాడికి గ్లాసు నీళ్ళిచ్చే దిక్కు లేకుండా తాళం వేసొచ్చి, నా చేతి సూపు తాగావు."

కొడుకు తల దించుకున్నాడు. ఆవిడ మంచం మీద చెదిరిన దుప్పటిని లాగి, ఎందుకో తనకే తెలియనట్టు మడత పెట్టడం మొదలెట్టింది.

"అంబులెన్సుని నేరుగా అక్కడికే పంపమంటాను," ఇన్‌స్పెక్టర్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. "అరగంట పడుతుంది. వదినా, మీరు అతనితో మాట్లాడుతూనే ఉండండి. స్పృహ తప్పనివ్వకండి." ఒక అడుగు వేసి, ఆగి, "ఫోటో చూపించి ఉండాల్సింది," అనేసి పరుగు తీశాడు.

డిటెక్టివ్ ఫోన్ చేతిలోకి తీసుకుంది. "విన్నావా నాయనా? వస్తున్నారు. అందాకా ఏమీ తినకు, తాగకు. గుక్కెడు నీళ్ళు కూడా వద్దు. హాస్పిటల్‌కి వెళ్ళగానే మళ్ళీ లోపల చూడాల్సి రావచ్చు. పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకో."

"అలాగేనమ్మా." ఆ గొంతులో కొత్తగా ప్రాణం వచ్చింది. "మా ఆవిడకి చెప్పిస్తారా? నేను ఊరెళ్ళాననుకుంటోంది."

"నేనే వెళ్ళి చెప్తాను."

"చల్లగా ఉండాలమ్మా మీరు..." అతను ఆగాడు. "అదిగో, వచ్చేశారమ్మా! బయట కారు ఆగింది."

డిటెక్టివ్ కుర్చీ పట్టుకుని లేచి కిటికీలోంచి చూసింది. ఇన్‌స్పెక్టర్ జీపు ఇంకా గేటు దగ్గరే ఉంది. పోలీసు డ్రైవరు దాన్ని రోడ్డు మీదికి వెనక్కి తిప్పుతున్నాడు.

ఆమె తల చిన్నాయన వైపు తిరిగింది. అతని మొహం పాలిపోయింది. ఈ రాక అతనికీ తెలియనిదే.

"తాళం ఇంకెవరి దగ్గరుంది?" అంది ఆమె గొంతు తగ్గించి.

అతని చూపు ఫోన్ మీదే ఉండిపోయింది.

"నాయనా, విను," డిటెక్టివ్ ఫోన్‌ని నోటికి ఆనించింది. "వాళ్ళు మావాళ్ళు కాదు. ఫోన్ కట్ చెయ్యకు, దుప్పటి కింద దాచెయ్. ఎవరేమిచ్చినా వాంతి వస్తోందని చెప్పు. ఏమీ తాగకు. విన్నావా?"

గుడ్డ రాసుకున్న చప్పుడు. తాళం తిరిగిన చప్పుడు. తుప్పుపట్టిన తలుపు కీచుమంది. డిటెక్టివ్ కానిస్టేబుల్‌కి సైగ చేసింది. అతను ఒక చేత్తో చిన్నాయనని పట్టుకునే, రెండో చేత్తో ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ కలపడం మొదలెట్టాడు.

దుప్పటి కిందనుంచి డ్రైవరు గొంతు దూరంగా వినిపించింది. "అమ్మగారూ... మీరా? మీరెందుకొచ్చారు ఇంత దూరం?"

ఫ్లాస్కు మూత తిప్పుతున్న శబ్దం. కప్పులోకి ఏదో పోస్తున్న శబ్దం.

"వద్దమ్మగారూ. వాంతవుతోంది. తర్వాత తాగుతాను."

జవాబుగా వచ్చిన గొంతుని డిటెక్టివ్ ఇవాళ పొద్దునే విన్నది. పరామర్శకని ఫోన్ చేసి, చిన్నాయన కుట్లు చూడ్డానికి వెళ్తున్నానని తానే ఆ గొంతుకి చెప్పింది. అప్పుడు అది వెక్కి వెక్కి ఏడ్చింది. ఇప్పుడు ఏడుపు లేదు. పసివాణ్ణి లాలిస్తున్నట్టుంది పెద్దాయన భార్య గొంతు.

"కొంచెమే నాయనా. ఇదొక్క గుక్క తాగు. నొప్పంతా పోతుంది."